నలభై అయిదో నిమిషం

పశువుల డాక్టరు ఏడు కొట్టందే మంచం దిగడు. కొండల మీద మబ్బు ఎనిమిది దాటితే కనుమ వదలదు. ఈ రెంటి మధ్యా ఇరుక్కుని, త్రినిదాద్ ఊరి శివారులోని దోన్ లిసిమాకో కబేళాకి రెండు టైములు అలవాటయ్యాయి. ఒకటి పొద్దు టైము, రెండోది పుస్తకం టైము.

డాక్టరు ముద్ర పడని మాంసం విమానం ఎక్కకూడదని చట్టం. డాక్టరు కోసం ఆగితే మబ్బు కమ్మేస్తుంది, విమానం కొండ దాటలేదు, మాంసం ఆ ఉక్కలో చెడిపోతుంది. అందుకని విమానం పొద్దు టైము ప్రకారం ఆరున్నర ప్రాంతంలోనే లేచిపోయేది. డాక్టరు తీరిగ్గా వచ్చి, కాఫీ తాగి, అప్పటికే కొండల్లో ఉన్న మాంసానికి ఇక్కడ కాగితం మీద ముద్ర గుద్దేవాడు. విమానాల రాకపోకల పుస్తకంలో మాత్రం అది ఏడూ అయిదుకి లేచినట్టు ఉండేది. కొండల అవతల లా పాస్‌లో దిగిన టైము అక్కడి వాళ్ల పుస్తకంలో ఉండేది. ఆ రెండు పుస్తకాలూ ఎప్పుడూ ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.

పదకొండేళ్లుగా ఇక్కడి పుస్తకం రాస్తున్నది డెల్మీరా నోసా. రేడియో గదిలో ఆమె ఒక్కతే ఉద్యోగి. పొద్దున్నే హడావుడిలో సిరా అలుక్కుపోతుందని, ముందురోజు సాయంత్రమే రేపటి తారీఖు వేసి, పక్కన 7-05 అని గుండ్రంగా రాసిపెట్టుకునేది. ఆమె చేతిరాత బాగుంటుందని దోన్ లిసిమాకో వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

రేడియో పెట్టె వెనక గోడ మీద, ఎప్పుడో పనిచేసి పోయిన కెప్టెన్ ఒకాయన నీలం రంగుతో రాసిన పట్టిక ఉంది. త్రినిదాద్ నుంచి లా పాస్‌కి గాలిదారిన మూడు వందల తొంభై ఏడు కిలోమీటర్లు. నిండు బరువుతో గంటా ఇరవై అయిదు నిమిషాలు. దాని కింద, ఎన్నో నిమిషానికి కింద ఏం కనపడుతుందో ఉంది. పదిహేనో నిమిషం టిహముచీ నది. ఇరవై అయిదు, అపెరె నది. నలభై అయిదు, మానికీ నది, కొండల మొదలు. డెబ్భై, కనుమ. డెల్మీరా జన్మలో విమానం ఎక్కలేదు. కానీ కళ్లు మూసుకుంటే ఆ దారంతా ఆమెకి నిమిషాల చొప్పున కనపడేది. పైలట్లు కూడా ఆమెతో మాట్లాడేటప్పుడు నదుల పేర్లు చెప్పేవాళ్లు కాదు. "నది మీదున్నాం" అంటే చాలు, ఆమె గడియారం చూసి ఏ నదో తెలుసుకునేది.

ఆ మంగళవారం తెల్లవారుజామున కబేళా కూలీలు చర్మం తీసిన తొడలూ పక్కలూ భుజాన వేసుకుని విమానంలోకి మోస్తున్నారు. లోపల సీట్లు లేవు. అడుగున తాటాకు చాపలు పరిచి వాటి మీద మాంసం పేరుస్తారు. ఆ గుట్ట మీద దుప్పటి పరుచుకుని ఒకరో ఇద్దరో లా పాస్‌కి పోవడం ఇక్కడ మామూలే. బస్సు దారి వానల్లో పది రోజులు, అదీ దారి ఉంటే. కెప్టెన్‌ని అడిగితే కాదనడు. కాగితాల్లో వాళ్ల పేరు ఉండదు.

నసారియా వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. కబేళాలో పేగులు కడిగే పని ఆమెది. చంకలో ఎండుమాంసం మూట, చేతిలో కాళ్లు కట్టేసిన కోడి.

"అక్కా, స్వెటరిస్తానన్నావుగా. ఆ కొండల మీద చలికి కొయ్యబారి పోతానేమో."

డెల్మీరా తన ఎర్ర ఉన్ని స్వెటరు తీసి కిటికీలోంచి అందించింది. "నెత్తురు అంటించకు. ఉన్నది అదొక్కటే."

"నెత్తుట్లో పనిచేసేదానికి నువ్వు చెప్పాలా? ఉతికి తెస్తాలే." తల దూర్చి తొడుక్కుంది. భుజాల దగ్గర బిగుతైంది. "నా కూతురికి ఏం పుట్టిందో లా పాస్ నించి రేడియోలో చెప్పిస్తా. మగపిల్లాడైతే రెండుసార్లు చెప్పిస్తా."

"ఆడపిల్లయితే?"

"ఆడపిల్లయితే నేనే వచ్చి చెబుతా. తీరిగ్గా కూచుని ఏడుద్దాం."

ఇద్దరూ నవ్వారు. అవతల నసారియా మొగుడు ఫకుందో భుజం మీది తొడ దింపి, చేతులు జాడించుకుంటూ కెప్టెన్ ఒతోనియెల్‌కి వినపడేలా అన్నాడు. "కెప్టెన్, బరువు ఎక్కువైందంటున్నారు. మా ఆవిణ్ణి దింపేయండి, సరిపోద్ది."

"దింపితే రేపట్నించీ నా నోరు నువ్వే భరించాలి, ఆలోచించుకో!" అని నసారియా మాంసం గుట్ట ఎక్కుతూ అరిచింది. కూలీలు గొల్లుమన్నారు. ఫకుందో కోడిని అందిస్తూ ఆమె కాలి మడమని ఒక్కసారి పట్టుకుని వదిలాడు. అంతే, తలుపు మూసేశారు.

విమానం నేల వదిలినప్పుడు గోడ గడియారం ఆరూ ముప్పై అయిదు చూపిస్తోంది. డెల్మీరా దాన్ని చూసింది. రాయలేదు. ఎప్పుడో రాసేసింది కదా.

ఏడు గంటలకి కబేళా బూర మోగింది. డాక్టరు వచ్చాడు, కాఫీ అడిగాడు, ముద్ర గుద్దాడు. ఏడూ ఇరవైకి రేడియో గరగరలాడింది. కెప్టెన్ గొంతు మామూలుగానే ఉంది.

"డెల్మీరా, ఎడమ ఇంజను ఆపేశాను, మంటొస్తోంది. మబ్బు పైకి వెళ్లలేను. కింద నది ఉంది, ఇసుక కనిపిస్తోంది. దింపేస్తున్నా."

"కెప్టెన్! ఒతోనియెల్! వింటున్నా, చెప్పండి."

ఇంకేం రాలేదు. ఆమె అలవాటు కొద్దీ గడియారం చూసి, పుస్తకంలో 7-20 అని రాసి, ఆ మాటలన్నీ కింద రాసింది. అప్పుడు గోడ వైపు తిరిగింది. ఆరూ ముప్పై అయిదు నుంచి ఏడూ ఇరవైకి నలభై అయిదు నిమిషాలు. మానికీ.

మధ్యాహ్నానికి లా పాస్ నుంచి వెతకడానికి సైన్యం విమానం ఒకటి వచ్చింది. వెంట లెఫ్టినెంట్ కిరోగా. పొట్టిగా, చెవులదాకా టోపీ పెట్టుకున్న కొండసీమ మనిషి. వేడికి అలవాటు లేక చెమటలు కారుతున్నాయి. ఆయన్ని దోన్ లిసిమాకో భోజనానికి పిలిచాడు. భోజనం తర్వాతని చెప్పి నేరుగా రేడియో గదికి వచ్చాడు. వెనకే దోన్ లిసిమాకో, తెల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"పుస్తకం."

డెల్మీరా తెరిచి పెట్టింది. లెఫ్టినెంట్ వేలు 7-05 మీద ఆగింది, తర్వాత 7-20 మీద.

"పదిహేను నిమిషాలు. అంటే ఇక్కడికి అరవై, డెబ్భై కిలోమీటర్లు. నది పేరు చెప్పాడా?"

"లేదండీ. మేము పేర్లు..." అని ఆగిపోయింది. లెఫ్టినెంట్ భుజం మీంచి దొర, దోన్ లిసిమాకో, ఆమెనే చూస్తున్నాడు.

లెఫ్టినెంట్ గోడ మీది పట్టిక చూశాడు. "పదిహేనో నిమిషం టిహముచీ. మంచి పని చేశారెవరో." పటం మీద టిహముచీ చుట్టూ పెన్సిల్‌తో వలయం గీశాడు. "ముందు ఇది జల్లెడ పడదాం. దొరక్కపోతే బయటికి పోదాం. ఎంతమంది ఉన్నారు?"

"ఇద్దరు. పైలట్, సహాయ పైలట్" అన్నాడు దోన్ లిసిమాకో.

డెల్మీరా నోరు తెరిచింది. కిటికీ అవతల గోడవారన ఫకుందో గొంతుకూర్చుని ఉన్నాడు, నెత్తుటి చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. అతను పటం చూడలేదు. చూసినా తెలియదు.

సాయంత్రం దొర ఆమెని ఆఫీసు గదికి పిలిపించి, ముందు కుర్చీ చూపించాడు. పదకొండేళ్లలో ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"నీ మనసులో ఏముందో నాకు తెలుసు డెల్మీరా. నాది రాయి గుండె కాదు. ఒతోనియెల్ చర్చిలో నా బిడ్డని ఎత్తుకున్న జ్ఞానతండ్రి."

"దొరా, వాళ్లు వెతికేది తప్పు నది. వాళ్లకి చెప్పాలి."

"చెప్పు. చెబితే ఏమవుతుందో కూడా విను. ముద్ర లేని మాంసం పదకొండేళ్లు ఎగరేశామని ఒప్పుకున్నట్టు. లైసెన్సు పోతుంది. కబేళా మూస్తారు. నూట ఇరవై కుటుంబాల నోట్లో మట్టి పడుతుంది. రాత ఎవరిది? నీది. జైలుకి ముందు ఎవరు పోతారు?" గొంతు తగ్గించాడు. "అందుకే వేరే దారి చూశాను. నా చిన్న విమానం ఉందిగా. తెల్లవారగానే దాన్ని మానికీ మీదకి పంపుతున్నా, చడీచప్పుడూ లేకుండా. దొరికితే వాళ్లే దొరికినట్టు కబురు పెడదాం. ఎటు నించి చూసినా వాళ్లని వెతికినట్టే కదా. ఇన్నేళ్లుగా నా ఉప్పు తిన్నావు. రెండు రోజులు నోరు కట్టేసుకో."

డెల్మీరా ఆ మాట నమ్మింది. నమ్మాలని ఉంది కాబట్టి కూడా నమ్మింది. అది ఆమెకి తర్వాత బాగా తెలిసొచ్చింది.

బుధవారం సైన్యం విమానాలు రెండు టిహముచీ మీద పొద్దంతా తిరిగాయి. అడవి అంతా నీళ్లు నిలిచి ఉంది. లెఫ్టినెంట్ పటం మీద ఒక్కో గడీ కొట్టేస్తూ వచ్చాడు. ఫకుందో పని మానేసి రేడియో గది అరుగు మీద కూర్చున్నాడు. డెల్మీరా దంచిన అరటికాయ, ఎండుమాంసం ముద్ద ఆకులో పెట్టి ఇస్తే, సగం తిని సగం మడిచి పక్కన పెట్టాడు.

"వదినా, చూస్తున్నారంటావా సరిగ్గా?"

"చూస్తున్నారు."

"అది గట్టిది. ఒకసారి ఎద్దు తన్నితే మర్నాడే పన్లోకి వచ్చింది." ఆకు ఇంకోసారి మడిచి, "కోడిని కోసుకుని తినుంటుంది ఈపాటికి. నాకు దాచిపెట్టదు" అన్నాడు. నవ్వబోయి మానేశాడు.

ఆమె గదిలోకి వెళ్లి రేడియో మీది దుమ్ము తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది. చీకటి పడే ముందు దొర గుమ్మంలో కనపడి తల అడ్డంగా ఊపాడు. "మానికీ మీద మబ్బు. ఏం కనపళ్లేదట. రేపు మళ్లీ పంపుతా."

గురువారం కూడా అంతే జరిగింది. సాయంత్రం నాలుగు దాటాక ఆమెకి ఉండబట్టలేదు. మబ్బు ఎంత ఎత్తులో ఉందో, ఇసుక కనపడిందో లేదో చిన్న విమానం నడిపినవాణ్ణే అడుగుదామని షెడ్డుకి వెళ్లింది. షెడ్డు తలుపు సగం తీసి ఉంది. చిన్న విమానం ముక్కు బోసిగా ఉంది. ప్రొపెల్లరు విప్పి రెండు పీపాల మీద పెట్టారు. దాని మీద మెకానిక్కు తడి చొక్కా ఆరేసుకున్నాడు. ఇంజను మీద కోడి గుడ్డు పెట్టి లేచి పోయింది.

"ఇదెప్పుడు విప్పారు?"

మెకానిక్కు పడుకున్నవాడు పడుకున్నట్టే అన్నాడు. "విప్పి నెలవుతోంది అమ్మా. లా పాస్ నించి సామాను రావాలి. మొన్న పోయిన విమానం తిరిగొచ్చేప్పుడు తేవాల్సింది... ఎందుకు?"

షెడ్డు నుంచి ఆఫీసు దాకా ఎండలో రెండు వందల గజాలు. తాను పరిగెత్తుతున్నానని ఆమెకి మధ్యలో తెలిసింది. నలభై ఆరేళ్ల మనిషి, చెప్పు ఒకటి ఊడిపోయింది, ఆగలేదు.

ఆఫీసులో లెఫ్టినెంట్ పటం మీద వంగి ఉన్నాడు. దోన్ లిసిమాకో గ్లాసులో నిమ్మరసం పోస్తున్నాడు.

"అయ్యా, విమానం లేచింది ఏడూ అయిదుకి కాదు. ఆరూ ముప్పై అయిదుకి. పుస్తకంలో నేను అబద్ధం రాశాను. వాళ్లున్నది మానికీలో."

గ్లాసు నిండి బల్ల మీదికి కారింది. దొర ముందుగా తేరుకున్నాడు. "మూడు రోజులుగా నిద్ర లేదండీ ఆవిడకి. ఆ కెప్టెనంటే బాగా అభిమానం. పాపం, మతి..."

"దొరా, మీ చిన్న విమానానికి ప్రొపెల్లరు లేదు. నెల నించీ లేదు."

లెఫ్టినెంట్ పెన్సిల్ పక్కన పెట్టాడు. ఆమెనీ దొరనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి, అరుగు మీద ఉన్న మనిషిని చిటికె వేసి పిలిచాడు. ఆ మనిషి ఫకుందో.

"ఏమయ్యా. మంగళవారం ఇక్కడే ఉన్నావా? విమానం ఎప్పుడు లేచింది?"

"ఉన్నానయ్యా. పొద్దు ఆ తాటిచెట్ల మొదట్లోనే ఉంది. తలలు దాటలేదు."

"ఏడు గంటల బూర మోగకముందా, మోగాకా?"

"బూరేంటి! బూర మోగేసరికి నేను రెండెడ్లని వలిచేశా. అప్పటికి వాళ్లు పోయి అరగంట."

"మరి మూడు రోజుల నించీ ఈ గుమ్మంలోనే కూచున్నావు. చెప్పలేదేం?"

ఫకుందోకి ప్రశ్న అర్థం కాలేదు. "నన్నెవరడిగారయ్యా?" అన్నాడు. "పుస్తకముందిగా మీకు."

లెఫ్టినెంట్ రబ్బరు తీసి టిహముచీ చుట్టూ ఉన్న వలయం చెరిపాడు. చెరుపుతుంటే కాగితం చిరిగింది. మానికీ దగ్గర కొత్త వలయం గీసి, గడియారం చూసుకుని బూతు మాట ఒకటి తిట్టాడు. నాలుగున్నర. విమానాలు దిగి, పెట్రోలు నింపుకుని కొండల దగ్గరికి చేరేసరికి చీకటి పడుతుంది. ఇక తెల్లవారాలి.

శుక్రవారం పొద్దున్నే మబ్బు రాకముందే సైన్యంవాళ్లు చూశారు. మానికీ వంపులో ఇసుక దిబ్బ, దాని మీద బోర్లాపడ్డ రెక్క, ఆరిన నెగడు. వెదురు గెడకి కట్టిన ఎర్ర స్వెటరు కనపడుతూనే ఉంది. పదకొండు గంటలకి చిన్న హెలికాప్టరు ఇద్దరిని తెచ్చింది. కెప్టెన్ మంగళవారం నాడే పోయాడు, ఆయన్ని అక్కడే ఇసకలో పూడ్చి ఉంది. తెచ్చినవాళ్లలో ఒకడు బతికున్నాడు. సహాయ పైలట్ వైమర్. ఇరవై నాలుగేళ్లవాడు, రెండు కాళ్లూ విరిగి ఉన్నాయి. రెండోది దుప్పట్లో చుట్టి ఉంది. ఫకుందో దుప్పటి దగ్గరికి వెళ్లి మడమలు చూసి, అక్కడే కూలబడ్డాడు.

డెల్మీరా వైమర్ స్ట్రెచర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు తాగించింది. వాడు ఆమె చెయ్యి వదల్లేదు.

"అక్కా, అంతా ఆవిడే చేసింది. కెప్టెన్‌ని ఇసకతో కప్పింది కూడా ఆవిడే. నేను కదల్లేను. పక్కటెముకలు విరిగినా పాక్కుంటూ పోయి కొవ్వు కోసుకొచ్చి మంటేసేది. పొగ రావాలని పైన పచ్చాకు. మొదటిరోజు మధ్యాహ్నం మబ్బు పైన విమానం పోయింది. గొంతు పోయేలా అరిచాం."

మంగళవారం మధ్యాహ్నం. లెఫ్టినెంట్ వచ్చిన విమానమే అది. డెల్మీరాకి లెక్కలన్నీ ఆగకుండా వచ్చేస్తున్నాయి.

"నేను భయపడి ఏడిస్తే తిట్టేది. మనం ఎప్పుడు లేచామో డెల్మీరాకి తెలుసురా, ఎప్పుడు పడ్డామో తెలుసు, ఆవిడ గోడ మీద చూసి చెప్పేస్తుంది, వస్తారు అనేది. పొద్దున లేస్తే అదే మాట. రెండో రోజూ అదే మాట. అక్కా... మీరు చెప్పాక కూడా దొరకలేదా మేము? మబ్బా?"

"ఎప్పుడు పోయింది?"

"నిన్న. పొద్దు వాలేటప్పుడు. ఆరు అయ్యుంటుంది. మధ్యాహ్నం దాకా మాట్లాడింది."

నిన్న నాలుగున్నరకి పెన్సిల్ వలయం మారింది. అది బుధవారం మారి ఉంటే, మంగళవారం మారి ఉంటే అన్నది ఎవరూ ఆమెకి చెప్పక్కర్లేదు. నిమిషాలు లెక్కపెట్టడమే ఆమె ఉద్యోగం. వైమర్ ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. ఆమె "మబ్బు కాదు నాయనా" అంది. తర్వాత వాడి చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. వాళ్లు స్ట్రెచర్ ఎత్తుకుపోయారు.

శనివారం నసారియాని పాతిపెట్టారు. కూతురు లా పాస్ నుంచి రాలేకపోయింది. పచ్చి బాలింత. మగపిల్లాడు పుట్టాడని శుక్రవారం సాయంత్రం రేడియోలో చెప్పారు. డెల్మీరా విని రేడియో కట్టేయబోయి, మళ్లీ చెప్పమంది. నసారియా రెండుసార్లంది కదా.

ఆదివారం లెఫ్టినెంట్ పుస్తకం అట్టపెట్టెలో వేసుకుని వెళ్లిపోయాడు. పోయేముందు అందరి ఎదుటా చదివిన కాగితంలో, గుమాస్తా టైము వేయడంలో చేసిన పొరపాటు వల్ల వెతకడం ఆలస్యమైందని ఉంది. పొరపాటు అనే మాట దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగాడు. దొర ఎటో చూస్తున్నాడు. డాక్టరు కూడా ఎటో చూస్తున్నాడు. రాసింది తనే కాబట్టి డెల్మీరా సంతకం పెట్టింది. చేతిరాత గుండ్రంగానే వచ్చింది. పదకొండేళ్ల మోసం ఒక మనిషి చేతివేళ్ల తప్పుగా తేలిపోయింది. నూట ఇరవై మందిలో ఒక్కడూ ఇదేమిటని అడగలేదు. వాళ్లకి మాత్రం సోమవారం పని కావద్దా?

దొర ఆమెని తీసెయ్యలేదు. తీసేస్తే బయట నోరు విప్పుతుందని ఆయనకి తెలుసు. "జరిగిందేదో జరిగింది. రేపు అద్దె విమానం వస్తోంది. కొన్నాళ్లు పైనించి చూస్తుంటారు, కాబట్టి రాత జాగ్రత్త" అన్నాడు. కొత్త పుస్తకం ఇచ్చాడు.

సోమవారం ఆమె అయిదున్నరకే వచ్చి కూర్చుంది. ముందురోజు ఏమీ రాసిపెట్టలేదు. కూలీలు మాంసం మోస్తున్నారు. గుట్ట మీద ఈసారి ఎవరూ ఎక్కలేదు. ఆరు కొట్టింది. అప్పుడు మెట్ల దగ్గర దగ్గు వినపడింది. తల తడిగా దువ్వుకుని, కళ్లు నులుముకుంటూ, ముద్రల పెట్టె చంకలో పెట్టుకుని పశువుల డాక్టరు వచ్చాడు.

"ఏం డాక్టరుగారూ, ఇంత పొద్దున్నే?"

"ఏం చేస్తాం అమ్మా. కొన్నాళ్లు ఇంతే అన్నాడు దొర." పెద్దగా ఆవులించాడు. "కాఫీ ఉందా?"

ఆయన కాఫీ తాగలేదు, ముందు మాంసం దగ్గరికి వెళ్లాడు. వరసగా తొడల మీద ముద్రలు గుద్దాడు. డెల్మీరా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇరవై నిమిషాల పని. ఒక మనిషి గంట ముందు నిద్ర లేవడం, అంతే. పదకొండేళ్లుగా అంతే. ఆమెకి గట్టిగా అరవాలనిపించింది. ఆ ముద్రల పెట్టె లాక్కుని ఆయన మొహాన కొట్టాలనిపించింది. లేచి నిలబడింది కూడా. ఏమని అరుస్తుంది? ఆ గంట నిద్ర ఆయనకి రోజూ పుస్తకంలో రాసిచ్చింది తనే. మళ్లీ కూర్చుంది.

ఆరూ ముప్పైకి ఇంజన్లు అందుకున్నాయి. కిటికీకి అడ్డంగా నీడ పడింది. ఫకుందో. అంత్యక్రియల తర్వాత మనిషి కనపడడం అదే మొదలు. గడ్డం పెరిగింది. చేతులు శుభ్రంగా ఉన్నాయి. పనిలోకి రాలేదన్న మాట.

"ఫకుందో, లోపలికి రా. కూర్చో."

రాలేదు. వదినా అనలేదు. విమానం వైపు చూస్తున్నాడు. అది రన్‌వే చివరికి వెళ్లి తిరిగింది, పరిగెత్తింది, నేల వదిలింది. చక్రాలు తాటిచెట్ల మీదుగా పోయేదాకా చూసి, అప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"టైమెంత?"

ఆమె గోడ వైపు చూసింది. "ఆరూ ముప్పై రెండు."

"రాయి."

ఆమె కలం ముంచి రాసింది. అతను కిటికీ కడ్డీల మధ్యనుంచి ఆ సిరా మరకల్ని చూశాడు. అవి ఎటు నుంచి మొదలవుతాయో కూడా అతనికి తెలియదు.

"చదువు."

"ఆరూ ముప్పై రెండు" అని చదివింది డెల్మీరా.

అతను వేలు పుస్తకం మీద పెట్టాడు. సిరా ఇంకా ఆరలేదు, వేలికి అంటింది. ఆ వేలుని చూసుకుని, పొద్దుని చూసి, తాటిచెట్ల తలల్ని చూసి, సరే అన్నట్టు తలూపి వెళ్లిపోయాడు.

మర్నాడు విమానం కదిలే వేళకి మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వచ్చి కిటికీ అవతల నిలబడి, టైమెంత అనేవాడు. ఆమె చెప్పేది. రాయి అనేవాడు. రాసేది. చదువు అనేవాడు. గొంతు వణక్కుండా చదవడానికి ఆమెకి చాలా రోజులు పట్టింది.